మాఫ్ సెన్సార్‌కి డబ్బా పెట్టిస్తే పికప్ వస్తుందా? పెట్టించి పీకించినవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: 2013 స్విఫ్ట్ డీజిల్, లక్షా పాతికవేల కిలోమీటర్లు తిరిగింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన ఎయిర్ ఫ్లో సెన్సార్ (మాఫ్ అనేది దీన్నే) వైరుకి చిన్న డబ్బా కలిపితే పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయన్నాడు. ఆరు వేలట. పెట్టించమంటారా? నచ్చకపోతే తీసేయొచ్చు కదా?

వద్దు తమ్ముడూ. నా కరోలాకి అదే పని చేయించాను కాబట్టి చెబుతున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి లెక్కలు రాస్తాను. బండి 2007 మోడల్ కరోలా, 1.8 పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఐదేళ్ల కిందట మార్చి, ఏప్రిల్ నెలల్లో మైలేజీ బాగా పడిపోయింది. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించి లెక్క వేస్తే లీటరుకి పదిన్నర కూడా రావడం లేదు. ఇంజిన్ కూడా బరువుగా లాగుతోంది. మా పక్క కొట్టాయన తన బండికి ఈ డబ్బా పెట్టించానని, రెండు కిలోమీటర్లు పెరిగిందని చెప్పాడు. ఆయన చెప్పిన షెడ్డుకే ఆదివారం పొద్దున పోయాను. అరగంట పని, మూడున్నర వేలు.

అగ్గిపెట్టంత నల్ల డబ్బా, పైన చిన్న స్క్రూ. తర్వాత ఒకరోజు దాన్ని పగలగొట్టి చూశాను. పాత రేడియోలో సౌండు తిప్పే మర లాంటిది ఒకటి, రెండు రెసిస్టర్లు, మిగతాదంతా ఎం-సీల్.

అది చేసే పని తెలియాలంటే ముందు సెన్సార్ సంగతి తెలియాలి. ఎయిర్ ఫిల్టర్ దాటాక గాలి గొట్టంలో సన్నటి తీగో, పల్చటి ఫిల్మో ఉంటుంది. కరెంటుతో దాన్ని ఎప్పుడూ వేడిగా ఉంచుతారు. ఫ్యాను కింద పొయ్యి వెలిగించి పెనం పెట్టామనుకోండి, గాలి తగిలేకొద్దీ మంట పెంచాలి. ఎంత పెంచామో చూస్తే గాలి ఎంత తగిలిందో తెలుస్తుంది. తీగ చల్లారకుండా ఎంత కరెంటు పట్టిందో చూసి సెకనుకి ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోతోందో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, లెక్క కడుతుంది. పెట్రోల్ బండిలో 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోల్ చొప్పున కొడుతుంది. ఆ డబ్బా చేసేదల్లా సిగ్నల్ కొంచెం తగ్గించడం. గాలి తక్కువ వచ్చిందని ఈసీయూ నమ్మితే పెట్రోల్ తక్కువ కొడుతుంది, మైలేజీ పెరుగుతుంది. చెప్పేవాళ్ల లెక్క ఇంతవరకే.

మా యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఒక కాటా మీద తూగితే సరిపోదు, బయటికి పోయేచోట ఇంకోసారి చూస్తారు. ఇంజిన్‌లోనూ అంతే. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ కూర్చుని ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే పెట్రోల్ చాల్లేదని చెబుతుంది, ఈసీయూ పెంచుతుంది. రోజూ అదే తేడా వస్తుంటే దాన్ని ఖాతాలో రాసేసుకుంటుంది. దాన్నే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అంటే మీరు ముందు కాటాలో కొట్టిన దెబ్బని వెనక కాటా వారం లోపే సరిచేసేస్తుంది. మామూలుగా తోలేటప్పుడు మైలేజీ ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది.

నాకూ మొదటి రెండు రోజులు బండి తేలిగ్గా ఉన్నట్టే అనిపించింది. మూడున్నర వేలు ఇచ్చినవాడికి అనిపించక ఏం చేస్తుంది!

మూడో వారం ఇంట్లోవాళ్లతో కొండవీడు వెళ్లాం. ఐదుగురం, ఏసీ ఆన్. ఘాట్ రోడ్డులో రెండో గేరులో గట్టిగా తొక్కితే బానెట్ కింద టకటకమని చప్పుడు. వెనక సీట్లోంచి మా బావమరిది “ఏంది బావా, ఇంజిన్‌లో శనగలు వేయిస్తున్నావా?” అన్నాడు. నవ్వాను గానీ లోపల భయమే. పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్ మాట కోసం ఆగదు, గాలి లెక్కనే నమ్ముకుంటుంది. గాలి తక్కువ అంటే ఇంజిన్ మీద బరువు తక్కువనుకుని స్పార్క్ ముందుగా ఇచ్చేస్తుంది. పెట్రోల్ పల్చన, స్పార్క్ ముందు, పైన ఎండ. నాకింగ్ (పెట్రోల్ వేళ తప్పి మండి కొట్టుకోవడం) రాక ఏమొస్తుంది? నాక్ సెన్సార్ అది పసిగట్టి స్పార్క్ వెనక్కి లాగింది, దాంతో ఉన్న పికప్ కూడా పోయింది. దిగేటప్పటికి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది.

గుంటూరులో మా పాత మెకానిక్ మామ స్కానర్ పెట్టాడు. కోడ్ పీ0171, అంటే మిశ్రమం పల్చగా ఉందని. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 24. ఈసీయూ తన వంతుగా నూటికి 24 పాళ్లు ఎక్కువ పెట్రోల్ కొడుతోందన్నమాట. “కంప్యూటర్‌కి అబద్ధం చెప్పిచ్చావా ఏందయ్యా?” అన్నాడు. డబ్బా పీకి, కోడ్ చెరిపి రెండు రోజులు తోలి రమ్మన్నాడు. తెచ్చి చూపిస్తే ఇంకా ప్లస్ 12! బాగున్న బండికి ఐదు లోపల ఉండాలి, పది దాటితే ఎక్కడో ఏదో ఉన్నట్టే.

అప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీశాడు. మడతల నిండా ఎర్రటి దుమ్ము. దాన్ని ఒక్కసారి నేలకేసి కొట్టాడో లేదో, ఇద్దరికీ తుమ్ములు ఆగలేదు. సీజనంతా బండి యార్డు దగ్గరే నిలబెట్టిన ఫలితం. సెన్సార్‌కి రెండే స్క్రూలు. తీసి వెలుతురులో పెడితే తీగ మీద గోధుమరంగు పొర. ఆ పొర దుప్పటి కప్పినట్టు వేడిని ఆపుతుంది, అందుకే సెన్సార్ గాలిని తక్కువ చూపిస్తోంది. డబ్బా లేకముందే నా బండి తక్కువ చూపిస్తోందన్నమాట! దాని మీద నేను డబ్బులిచ్చి ఇంకొంచెం తక్కువ చేయించుకున్నాను.

మాఫ్ క్లీనర్ అని విడిగా స్ప్రే దొరుకుతుంది, దాంతో కడిగి పావుగంట ఆరనిచ్చాడు. కార్బ్ క్లీనర్ కొట్టనివ్వకండి, వేలు పెట్టనివ్వకండి, గుడ్డతో తుడవనివ్వకండి. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ వేయించినా నూనె ఎక్కువైతే ఆ తీగ మీదే చేరుతుంది. కొత్త ఫిల్టర్ వేసి తోలాక ట్రిమ్ ప్లస్ 3కి వచ్చింది. పికప్ తేడా రైల్వే ఫ్లైఓవర్ ఎక్కుతుంటేనే తెలిసింది.

మైలేజీ మాత్రం అక్కడే ఉంది. జూన్‌లో చూస్తే ఏమీ చేయకుండానే పన్నెండున్నర వచ్చింది. సీజన్లో టిక్కీల లారీల వెనక ఏసీ వేసుకుని రోజుకి ముప్పావుగంట ఇంజిన్ ఆన్‌లో నిలబడేవాణ్ని, జూన్‌లో ఆ లైన్లు లేవు. అంతే. మా పక్క కొట్టాయన్ని అడిగితే ఆయన డబ్బా పెట్టించింది కూడా అంతకుముందు ఏడు జూన్‌లోనే!

ఇక మీ స్విఫ్ట్. 1248 సీసీ డీజిల్, దాంట్లో మాఫ్ సెన్సార్ ఉంది. (మారుతి చిన్న పెట్రోల్ బళ్లలో చాలావాటికి మాఫే ఉండదు, మ్యాప్ అని ప్రెజర్ చూసే సెన్సార్ ఉంటుంది. వాటికీ ఈ డబ్బా అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త.) డీజిల్లో ఇంధనం మీ కాలు చెప్పినట్టు పోతుంది. మాఫ్‌ని చూసి ఈసీయూ ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) ఎంత తెరవాలో, పొగ రాకుండా డీజిల్‌ని ఎక్కడ ఆపాలో. గాలి తక్కువ చూపిస్తే పూర్తిగా తొక్కినప్పుడు డీజిల్ కోసేస్తుంది, లాగదు. ఎక్కువ చూపిస్తే ఆ హద్దు సడలి నల్లపొగ కొడుతుంది, పైగా ఈజీఆర్ ఎక్కువ తెరుచుకుని మసి మళ్లీ లోపలికే పోతుంది. సెన్సార్ కప్లర్ (వైరు ప్లగ్గు) పీకి తోలితే పికప్ బాగుందని కొందరంటారు. అలా బాగుంటే మీ సెన్సార్ తప్పు చెబుతోందనో, ఈజీఆర్ మసిపట్టి సరిగా మూసుకోవడం లేదనో అర్థం. డబ్బా పెట్టించమని కాదు.

మాఫ్ మార్చాల్సిన బళ్లు కూడా ఉంటాయి. పెద్ద టర్బో వేసి, గాలి సెన్సార్ కొలత దాటిపోయేవి. అప్పుడు గొట్టం వెడల్పు పెంచుతారు. 60 మిల్లీమీటర్ల దాన్ని 70 చేస్తే సెన్సార్ నాలుగో వంతుకి పైగా తక్కువ చూపిస్తుంది, దానికి తగ్గట్టు ఈసీయూలో లెక్క మొత్తం తిరగరాయాలి. మీకూ నాకూ ఆ గొడవ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

మీరు ముందు చేయాల్సింది ఫిల్టర్ చూసుకోవడం, సెన్సార్ కడిగించడం, టర్బో నుంచి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి పోయే గొట్టం చీలిందేమో చూపించడం, ఈజీఆర్ మసి తీయించడం. లక్షా పాతికవేలు తిరిగిన డీజిల్‌కి పికప్ పోయిందంటే నేను మొదట ఆ గొట్టాన్నే అనుమానిస్తాను.

నచ్చకపోతే తీసేయొచ్చు కదా అన్నారు. తీసేయొచ్చు, కానీ వైరు కోసి కలుపుతాడా, కప్లర్ల మధ్య తగిలిస్తాడా అడగండి. నాకు కోసే కలిపాడు. డబ్బా పీకాక ఆ తెగిన చోట మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టాం. ఆగస్టు వానల్లో విజయవాడ వెళ్తుంటే కాజ టోల్ గేట్ దగ్గర గేటు లేచింది, బండి రెండడుగులు కదిలి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. టోల్ కుర్రాళ్లు ఇద్దరు పక్కకి నెట్టారు. టేపు విప్పి చూస్తే లోపల రాగి పచ్చగా తుప్పుపట్టి ఉంది. కప్లర్‌తో సహా వైరు ముక్క కొత్తది వేయించడానికి ఇంకో పద్నాలుగు వందలు అయింది.