క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం: ప్యాక్ కొన్నా 1943 తప్ప ఏదీ తెరుచుకోకపోతే

ఇది క్యాప్‌కామ్ పాత ఆర్కేడ్ ఆటల సంకలనం; 1943, 1944 లాంటివి అందులోని విమాన యుద్ధపు ఆటల పేర్లు. స్టీమ్‌లో (పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణం) డబ్బు కట్టాక కూడా 1944కి తాళం కనిపిస్తోందంటే కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి: డీఎల్‌సీకి (ఆటకి విడిగా కొనే అదనపు ప్యాక్) టిక్ లేదు, లేదా కొన్నది వేరే ప్యాక్.

1. ఆట పూర్తిగా మూసేయండి.

2. లైబ్రరీలో ఆట పేరుపై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీఎల్‌సీ. కొన్న ప్యాక్‌కి టిక్ పెట్టండి.

3. జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే: ప్యాక్ పేరు చదవండి. మూడు ప్యాక్‌లనూ ఆటలు విడుదలైన ఏళ్లవారీగా విడగొట్టారు, సిరీస్‌వారీగా కాదు. 1942 మొదటి ప్యాక్‌లో, 1941 రెండోదాంట్లో, 1944 మూడోదాంట్లో ఉన్నాయి. 1943 ఉచితం. 1943 కాయ్ (1943కి మరో రూపం) అయితే క్యాప్‌కామ్ ఆర్కేడ్ సెకండ్ స్టేడియంలో ఉంది. అది వేరే యాప్, దాని కొనుగోళ్లు ఇందులో కనిపించవు.

4. ‘ఇన్విన్సిబిలిటీ’ కొని ఉంటే అందులో ఆటలేమీ రావు, మీ విమానం చావదంతే. (చావకుండా ఉండటానికీ విడిగా బిల్లు వేయడం క్యాప్‌కామ్‌కే చెల్లింది.)

5. తప్పు ప్యాక్ అయితే 14 రోజుల్లోపు స్టీమ్ సపోర్ట్‌లో రీఫండ్ అడగండి. ప్యాక్ కొన్నాక ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. ఉచిత 1943 ఆడినా ఆ లెక్కలోకే వస్తుంది, కాబట్టి రీఫండ్ వచ్చేవరకు ఆట తెరవకండి.