కెన్యా సఫారీకి సగం రేటు కోట్ వచ్చింది, నమ్మొచ్చా?

చిత్తూరు నుంచి అమ్మానాన్నలతో కలిపి నలుగురు ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్దామనుకుంటున్నారు. టూర్ ఆపరేటర్ల నుంచి మూడు కోట్‌లు వచ్చాయి, ఒకటి మిగతావాటిలో సగమే ఉంది, తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. మాది తిరుపతి. 2019లో నేనూ మా ఆయనా అలాంటి సగం రేటుకే వెళ్లి దెబ్బతిన్నాం. 2024 ఆగస్టులో మా అమ్మానాన్నలను తీసుకుని మళ్లీ వెళ్లాం. ఈసారి అన్నీ అడిగి, రాయించుకుని వెళ్లాం కాబట్టి బాగా జరిగింది.

ముందు గేటు లెక్క వేయండి. 2024 నుంచి మారా రిజర్వులో విదేశీ పెద్దవాళ్లకి ఎంట్రీ ఫీజు మనిషికి రోజుకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. విల్డెబీస్ట్ అనే గడ్డిమేసే అడవి జంతువుల గుంపులు పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటి నుంచి మారా నది దాటి వచ్చే సీజను అందులోనే వస్తుంది కాబట్టి రేటూ అప్పుడే ఎక్కువ. నలుగురికి మూడు రోజులంటే 2400 డాలర్లు, మేం వెళ్లినప్పటి లెక్కలో 2 లక్షల రూపాయలు. ఇది ఏ ఆపరేటరూ తగ్గించగలిగే డబ్బు కాదు. నాకు వచ్చిన ఒక కోట్‌లో మొత్తం ప్యాకేజీయే 2500 డాలర్లు! టికెట్లకే అంతా పోతే బండికి, డీజిలుకి, డ్రైవరుకి, బసకి, తిండికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఏదో ఒకటి కోస్తేనే వస్తుంది.

ఏం కోస్తారో 2019లో కళ్లారా చూశాం. ల్యాండ్ క్రూయిజర్ అన్నారు, మినీవ్యాన్ వచ్చింది. మాకు మాత్రమే అన్నారు, లోపల అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. కిటికీ సీట్లు అయిపోయాయి. 'మారాలో క్యాంపు' గేటు బయట ఊళ్లో ఉంది. మూడో రోజు పొద్దున డ్రైవరు, ఈ రోజు పార్కు టికెట్ మీ ప్యాకేజీలో లేదమ్మా, మసాయి తెగవాళ్ల పల్లె చూపిస్తాను అన్నాడు. అతని తప్పేం లేదు, పాపం, ఆఫీసువాళ్లు చెప్పిందే చెప్పాడు. 'అన్నీ కలిపి' అన్న మాట నమ్మి, ఏమేం కలిపారో మేం రాయించుకోలేదు. ఆ రోజంతా నాకు మాట పెగల్లేదు.

అందుకే కోట్‌లో ఐదు సంగతులు పేర్లతో సహా రాసి పంపమనండి: పార్కు ఫీజు ఎన్ని రోజులకి, లాడ్జి పేరేంటి, అది రిజర్వు లోపలా బయటా, బండి ఏ రకం, అందులో వేరేవాళ్లు ఉంటారా. టికెట్ పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకానే. బయట బస చేస్తే ఏ రోజు టికెట్ ఆ రోజే కొనాలి. 'లేదా అదే స్థాయి లాడ్జి' అన్న మాట కనిపిస్తే, ఆ లాడ్జి పేరు కూడా అడగండి. అడ్వాన్సు కట్టాక నేను లాడ్జికే నేరుగా మెయిల్ రాశాను. నాన్న పేరు మీద రెండు గదులు ఉన్నాయని మర్నాడే జవాబు వచ్చింది. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.

ఆపరేటరు లైసెన్సు విషయానికొస్తే, కెన్యాలో టూరిజం రెగ్యులేటరీ అథారిటీ ఇస్తుంది. కాటో అని టూర్ ఆపరేటర్ల సంఘం కూడా ఉంది. దర్శనం టికెట్ల పేరుతో నకిలీ సైట్లు పెట్టి యాత్రికులను ముంచడం మన తిరుపతిలో చూస్తూనే ఉన్నాం కదా, అలాగే కాటో లోగో కూడా ఎవరైనా అతికించుకోవచ్చు. కాటో సొంత సైటులో సభ్యుల జాబితా తీసి పేరు వెతకండి. డబ్బు కంపెనీ పేరు మీదున్న ఖాతాకే పంపండి. మనిషి పేరు మీద ఖాతా ఇస్తే అక్కడితో ఆపేయండి.

వీటన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మేది ఒకటుంది. మనల్ని తిరిగి ప్రశ్నలు అడిగే ఆపరేటరు. మేం శాకాహారులం, శనివారం అమ్మ ఒక్కపొద్దు ఉంటుంది అని 2024లో ముగ్గురు ఆపరేటర్లకి రాశాను. ఇద్దరు 'నో ప్రాబ్లమ్' అన్నారు. మూడో ఆయన మాత్రం గుడ్డు తింటారా, ఉల్లిపాయ తింటారా, ఒక్కపొద్దు రోజు భోజనం ఎన్ని గంటలకి పెట్టించమంటారు అని అడిగాడు. అమ్మ వయసెంత, మోకాళ్ల నొప్పులున్నాయా, నైరోబీ నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు కూర్చోగలరా అనీ అడిగాడు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలని మొదటి మెయిల్లోనే గుర్తుచేశాడు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌కి పంపొచ్చు. మేం చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాం. 2019లో మాకు ఈ టీకా మాట కూడా ఎవరూ చెప్పలేదు.

గైడు గురించి కూడా అడగండి. అక్కడ గైడ్ల సంఘం పరీక్ష పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని స్థాయిలు ఇస్తుంది. మాకు వచ్చినాయన సిల్వర్. రెండో రోజు ఒక చీతా కనిపించింది. అలిపిరి వైపు తిరిగే మన చిరుతపులి కాదిది, కళ్ల కింద కన్నీటి చారల్లాంటి నల్లగీతలుంటాయి. చెదపుట్ట మీద నిలబడి దూరంగా జింకల వైపే చూస్తోంది. కొంచెం దగ్గరికి పోనివ్వండి అన్నాను. ఆయన ఇంజను ఆపేసి మెల్లగా, 'వేటకి చూస్తోందమ్మా, మనం అడ్డుపోతే ఈ రోజు దాని పిల్లలు పస్తుంటాయి' అన్నాడు. ముప్పావుగంట అలాగే కూర్చున్నాం. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ రాత్రికే ముగ్గురికీ ఆ ఐదు ప్రశ్నలూ, మీ అమ్మానాన్నల వయసూ, తిండి అలవాట్లూ రాసి ఒకే మెయిల్ పంపండి. వచ్చిన జవాబులు ఇక్కడ పెడితే, నాకు తెలిసినంతలో చూసి చెప్తాను.