మాంసం తగ్గించాలంటే రోజులు కాదు, ముందు ముక్కలు తగ్గించండి

మీరు అడిగింది: ఇంట్లో నలుగురం, వారంలో రెండుసార్లు చికెన్, ఆదివారం ముప్పావు కిలో మటన్. ఆరోగ్యానికీ పర్యావరణానికీ మంచిదని మానేద్దామనుకుంటే రెండు వారాలకే మళ్లీ మొదటికొస్తోంది, ఏం చేయాలి?

మానేయడంతో మొదలుపెట్టకండి. ఆదివారం కూరే లేదంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అదే కూరలో ముక్కలు మూడో వంతుకు తగ్గి, పప్పో కాయో తోడైతే పేచీ ఉండదు.

తగ్గించాల్సింది ముందు మటన్. మేక, గొర్రె నెమరువేస్తాయి. కడుపులో మేత పులిసేటప్పుడు పుట్టే మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) త్రేన్పులతో బయటికొచ్చి గాలిలో కలుస్తుంది. కోడి నెమరువేయదు, దాని భారం ఎక్కువగా మేతకు పండించే మొక్కజొన్న, సోయాలది. ఆరోగ్యం వైపు నుంచి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. మటన్ లాంటి ఎర్ర మాంసాన్ని ‘బహుశా కారకం’ అన్న వరుసలో పెట్టింది. అందుకే సాసేజ్ ప్యాకెట్లు పూర్తిగా ఆపేయండి, మటన్ తగ్గించండి. మటన్ బదులు పనీర్ తెచ్చుకోవడం మాత్రం పెద్ద మార్పు కాదు. కిలో పనీర్‌కి ఐదారు లీటర్ల పాలు కావాలి, ఆ పాలిచ్చే గేదె కూడా నెమరువేసేదే.

దీనికి హైదరాబాద్ దాల్చా చక్కగా సరిపోతుంది. ఎముకతో ఉన్న మటన్ పావు కిలో, శనగపప్పు 150 గ్రాములు, లేత సొరకాయ అర కిలో. పప్పు గంట నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడికించి కచ్చాపచ్చాగా మెదపండి. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి వేయించి, మటన్, ఉప్పు, కారం, ధనియాల పొడి, రెండు గ్లాసుల నీళ్లు వేసి కుక్కర్లో ఐదారు విజిల్స్ రానివ్వండి. ముదురు మాంసమైతే ఇంకో రెండు. మూత తీశాక సొరకాయ ముక్కలు వేసి పది నిమిషాలు ఉడికించి, పప్పు కలపండి. నిమ్మకాయంత చింతపండు పులుసు చివర్లోనే పోయాలి. ముందే పోస్తే పులుపుకి సొరకాయ త్వరగా మెత్తబడదు. పైన జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. ఎముక ముక్కలే ఎందుకంటే రుచి పులుసులోకి దిగేది వాటినుంచే. మాంసం, పప్పు కలిపి తలా 17 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు కావాల్సింది సుమారు 50 గ్రాములు.

అసలు దెబ్బ తగిలేది అన్నం దగ్గర. ముక్కలు తగ్గిన పూట పచ్చడి వేసుకుని ఇంకో రెండు గరిటెల అన్నం తినేస్తాం. మాంసం తగ్గింది కానీ ప్రొటీన్ కూడా పోయింది, షుగర్ ఉన్నవాళ్లకు అది మరీ చెరుపు. తగ్గించిన ప్రతి పూటా దాని బదులు ఏముందో లెక్క చూసుకోండి: రెండు గుడ్లు 12 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పు 11, 50 గ్రాముల మీల్ మేకర్ 25.

మీల్ మేకర్ నచ్చలేదనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని సరిగ్గా పిండరు. ఉప్పేసిన నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, చల్లనీళ్లలో వేసి గట్టిగా పిండాలి, ఇలా మూడుసార్లు. లోపల నీళ్లుంటే పచ్చివాసన పోదు, మసాలా ఎక్కదు. పిండాక పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి అరగంట ఉంచి, చికెన్ వేపుడు చేసినట్టే చేయండి.

పప్పులు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం ఖాయం. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, మొదటి రెండు వారాలు చిన్న గిన్నెడే తినండి. పప్పుల్లోని ఐరన్ మాంసంలోదానంత తేలిగ్గా ఒంటికి పట్టదు. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గిపోతుంది. కనీసం గంట ఆగండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, ఎదిగే ఆడపిల్లలు ఈ జాగ్రత్తల్ని అస్సలు వదలకూడదు.

గుడ్లు, పాలు, పెరుగు ఉంటే బి12 విటమిన్‌కి సాధారణంగా ఇబ్బంది రాదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవాళ్లకు మాత్రం బి12 తగ్గే వీలుంది, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే పప్పు, మీల్ మేకర్ కొలతలు డాక్టర్ని అడిగాకే మార్చండి.