కొత్త పికప్ కొనబోతున్న తమ్ముడి కొడుక్కి

రేయ్ నాయనా,

షోరూమ్‌కి వెళ్లొచ్చావని మీ నాయన నిన్న ఫోన్‌లో చెప్పాడు. నెలకు 23 వేలు కడితే చాలు, బండి ఇంటికొచ్చేస్తుందన్నారట, నువ్వూ సరేనని తలూపి వచ్చావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా, కట్టకు. ముందు ఇది చదువు.

మదనపల్లి మార్కెట్ నుంచి చెన్నైకి టమోటా తోలుతూ ఇన్నేళ్లలో నేను కొత్త బండి మూడుసార్లు కొన్నా. మొదటిసారి నన్ను కూడా ఇదే మాటతో కూర్చోబెట్టారు. "నెలకు ఎంత కట్టగలవన్నా?" అని అడిగాడు ఆ షోరూమ్ కుర్రాడు, నేను ఉన్నదున్నట్టు చెప్పేశా. క్యాలిక్యులేటర్ నొక్కి నా వైపు తిప్పి పెట్టాడు, సరిగ్గా నేను చెప్పిన అంకే ఉంది. ఇక బేరమంతా దాని చుట్టూనే తిరిగింది. బండి ధర ఎంత, వడ్డీ ఏ లెక్కన, ఇన్సూరెన్స్ ఎంత, ఏదీ అడగలేదు నేను. ఏడాది తర్వాత లోన్ స్టేట్‌మెంట్ తీయించి చూసుకుంటే గానీ అది ఫ్లాట్ వడ్డీ అని, అంటే అసలు తీరుస్తున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారని తెలియలేదు.

దాని తేడా ఎంతో నీ లెక్కలోనే చూడు. 8 లక్షల లోను, 48 నెలలు, 10 శాతం వడ్డీ అనుకో. తీర్చిన అసలు పోగా మిగిలిన దాని మీదే వడ్డీ వేస్తే నెలకు 20,290 దగ్గర వస్తుంది. అదే 10 శాతం ఫ్లాట్ అయితే 23,333. నీకు చెప్పిన 23 వేలు ఇదేనని నా అనుమానం. నెలకు 3 వేల పైచిలుకు, నాలుగేళ్లకు 1 లక్షా 46 వేలు. ఫ్లాట్ 10 అంటే అసలు లెక్కలో దాదాపు 17న్నర శాతం పడుతుంది. కాబట్టి లోను సంగతి షోరూమ్‌లో మొదలుపెట్టకు, మన ఖాతా ఉన్న బ్యాంకుకి ముందే వెళ్లి ఎంత ఇస్తారో, వడ్డీ ఏ లెక్కనో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో రాయించుకుని జేబులో పెట్టుకో. షోరూమ్ వాళ్లు అంతకన్నా తక్కువకు ఇప్పిస్తే తీసుకో, తప్పులేదు. కానీ బండి ధర తేలేదాకా, "లోనా, క్యాషా?" అంటే "అది తర్వాత చూద్దాంలే అన్నా, ముందు బండి రేటు తేల్చండి" అను.

అడగాల్సింది ఒక్కటే: ఆన్‌రోడ్ మొత్తం, అంటే బండి రోడ్డెక్కేదాకా అయ్యేదంతా కలిపి ఎంత, వరుసగా కాగితం మీద రాసి ఇవ్వండి. ఎక్స్‌షోరూమ్ ధర (జీఎస్టీతో కలిపి బండి ధర), ఇన్సూరెన్స్, రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, యాక్సెసరీస్, ఒక్కోటి ఒక్కో వరుసలో. నోటిమాటగా చెప్పి, రాసివ్వమంటే మేనేజర్ లేడంటే లేచి వచ్చెయ్. ట్యాక్స్, రిజిస్ట్రేషన్‌కి రవాణా శాఖ రసీదు ఉంటుంది, అంతకు మించి ఒక్క రూపాయి రాసినా ఎందుకని అడుగు. హ్యాండ్లింగ్ చార్జీలని ఒక వరుస పెడతారు, దాన్ని పూర్తిగా కొట్టేయించు. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటుకి విడిగా డబ్బులు రాస్తే ఒప్పుకోకు, 2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే బండ్లకు అది బండితో పాటే రావాలి.

ఇన్సూరెన్స్ దగ్గర బాగా తగ్గించుకోవచ్చు, ఓపిక పట్టు. మన సరుకు బండ్లలో లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న వాటికి థర్డ్ పార్టీ ప్రీమియం (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది) ప్రభుత్వం నిర్ణయించిన రేటే, 2022లో ఇచ్చిన దాని ప్రకారం 16,049, పైన జీఎస్టీ. ఏ కంపెనీకి వెళ్లినా ఇందులో తేడా రాదు. తేడా అంతా బండి డ్యామేజీకి వేసే భాగంలోనే. షోరూమ్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. అదే బండికి, అదే ఐడీవీకి (బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కగట్టే విలువ), అవే కవర్లకు బయట ఇద్దరి దగ్గర రేటు రాయించుకుని వాళ్ల ముందు పెట్టు. మూడో బండికి నేను అలా చేస్తే, అప్పటిదాకా "ఫిక్స్‌డ్ అన్నా" అన్నవాళ్లు పది నిమిషాల్లో తగ్గించారు.

ఇంకోటి. సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను లేకుండా ఏడున్నర లక్షలున్న బండి అప్పట్లో 9 లక్షల 60 వేలయితే ఇప్పుడు 8 లక్షల 85 వేలు. ఆ 75 వేలు తగ్గించింది ప్రభుత్వం. పాత రేటు చూపించి "నీ కోసం ఇంత తగ్గించాం" అంటే దాన్ని డిస్కౌంట్ కింద లెక్కేసుకోకు, ఇప్పటి ఎక్స్‌షోరూమ్ నుంచి ఎంత దిగుతారో అక్కడి నుంచే బేరం పెట్టు. కంపెనీ ఇచ్చే స్కీమ్ ఎంత, షోరూమ్ తన జేబులోంచి ఇచ్చేది ఎంత, రెండూ విడివిడిగా అడుగు.

ఒక్క షోరూమ్‌తో సరిపెట్టుకోకు. అదే కంపెనీ బండికి మదనపల్లిలో ఒక కొటేషన్, తిరుపతిలో ఒకటి, అనంతపురంలో ఒకటి తీసుకో. బొలెరో పికప్ మీద మనసున్నా టాటా యోధా, అశోక్ లేలాండ్ బడా దోస్త్ కూడా నిజంగానే నడిపి చూడు, ఒకవేళ వాటిలో ఒకటి నచ్చవచ్చు కూడా. నెలాఖరున, ముఖ్యంగా మార్చిలో, డిసెంబర్‌లో వెళ్తే టార్గెట్ల టెన్షన్‌లో ఉంటారు కాబట్టి మాట తొందరగా తెగుతుంది. కుర్రాడితో మర్యాదగా మాట్లాడు, అతనిదీ ఉద్యోగమే. నవ్వుతూనే మాట్లాడు, ధర దగ్గర మాత్రం మెత్తబడకు. సీటు కవర్లు, మ్యాట్లు, టేప్ రికార్డర్ ఫ్రీ అంటే అవొద్దు, ఆ డబ్బు ధరలో తగ్గించమను. టార్పాలిన్, వెనక జాలీ మనం బయట మనకు కావలసినట్టు చేయించుకుందాం, టమోటా బాక్సుల ఎత్తు ఎంతో వాళ్లకేం తెలుసు.

డిసెంబర్‌లో తీసుకుంటే తయారైన నెల చూడటం మర్చిపోవద్దు. ఫారం 22లో (బండితో పాటు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) నెల, సంవత్సరం ఉంటాయి, ఛాసిస్ నంబరు బండి మీదున్న దానితో కలిపి చూడు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, 3224 అని ఉంటే 2024లో 32వ వారం చేసిన టైరు. యార్డులో ఎండకు వానకు నెలల తరబడి నిలబడ్డ బండిని కొత్త ధరకు తీసుకోవద్దు. తీసుకోవాలనిపిస్తే ఇంకా తగ్గించమను, అదీ రిజిస్ట్రేషన్ కాకముందే. తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

అడ్వాన్స్ ఐదు వేలకు మించి ఇవ్వకు, అదీ షోరూమ్ ఖాతాకే, కుర్రాడి ఫోన్‌పేకి కాదు. రసీదు మీద మోడల్, ఒప్పుకున్న ఆన్‌రోడ్ ధర, డెలివరీ తేదీ, బండి వద్దనుకుంటే డబ్బు వెనక్కిచ్చే మాట, అన్నీ రాయించు.

మూడు కొటేషన్లూ చేతికొచ్చాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, రాత్రి కూర్చుని పక్కపక్కన పెట్టి చూద్దాం. బండి చూసే రోజు నేనూ వస్తా, పొద్దున మార్కెట్ పని పదికల్లా అయిపోతుంది. టార్చిలైటు నేనే తెస్తా.

మీ పెదనాయన