పింటు తెచ్చిన తంటా

ప్రశ్న: మా మామగారు పనిచేసిన కంటోన్మెంటు మెస్సులో వంటవాడు చెప్పగా అత్తగారు రాసుకున్న నోటుపుస్తకం దొరికింది. క్యారమెల్ కస్టర్డుకు ‘పాలు ఒక పింటు, గుడ్లు నాలుగు’ అని ఉంది. ఫోనులో చూసి 473 మిల్లీలీటర్ల పాలు పోశాను. జున్నుముక్కలా గట్టిపడింది. ఆవిడ చేస్తే చెంచా తగలగానే వణికేది. అందులోనే ‘గిల్’ వెనిగర్, ‘పెక్’ మామిడికాయలు అనీ ఉన్నాయి. అవి ఎంతెంత?
– ఒక పాఠకురాలు, మారేడుపల్లి

జవాబు: తప్పు మీదీ కాదు, అత్తగారిదీ కాదమ్మా. ఫోను మీకు అమెరికా పింటు చెప్పింది. మెస్సు వంటవాడిది ఇంగ్లండు పింటు, 568 మిల్లీలీటర్లు. చిన్న కప్పెడు పాలు తగ్గితే నాలుగు గుడ్లు ఊరుకుంటాయా?

ఒకప్పుడు ఇంగ్లండులో ద్రాక్షసారాకు ఒక గ్యాలన్, బీరుకు ఒకటి, ధాన్యానికి మరొకటి ఉండేవి. 1824 చట్టంతో వాటన్నిటినీ పక్కన పెట్టి, పది పౌన్ల స్వచ్ఛమైన నీరు పట్టేదే గ్యాలన్ అన్నారు. పాలకైనా గోధుమలకైనా అదే. అమెరికా మాత్రం ద్రవాలకు పాత ద్రాక్షసారా గ్యాలన్‌నే ఉంచుకుంది.

‘గిల్’ అని రాసినా ‘జిల్’ అని పలకాలి, 142 మిల్లీలీటర్లు. నాలుగు గిద్దెలు ఒక సోల అయినట్టే నాలుగు జిల్‌లు ఒక పింటు. రెండు సోలలు తవ్వ, రెండు పింటులు క్వార్ట్. (మందు దుకాణంలో అడిగే క్వార్టర్ 180 మిల్లీలీటర్లే, ఈ క్వార్ట్ లీటరు దాటుతుంది!) నాలుగు క్వార్ట్‌లు గ్యాలన్, రెండు గ్యాలన్లు పెక్, నాలుగు పెక్‌లు బుషెల్. మానిక, కుంచం చూసిన ఇంట్లో ఈ వరస నోటికి రావడానికి పూట చాలు.

తూనికలు కొలతల శాఖలో పనిచేసిన రోజుల్లో ఇత్తడి కొలపాత్రను అంచు దాకా నీటితో నింపి, పైన గాజుపలకను మెల్లగా జరిపేవాణ్ణి. పలక కింద ఒక్క బుడగ కనిపించినా మళ్లీ మొదటికే. నీటికైతే అలా తేల్చవచ్చు. కాయలు గోపురంలా పైకి లేస్తాయి, ఆ గోపురం ఎవరి చేయి పోస్తే వారిది! పేచీలు పడలేక కాబోలు, ఇంగ్లండువాళ్లు అలా పోసి కొలవడాన్ని 1835లో చట్టం చేసి మరీ ఆపేశారు.

గ్యాలన్ మన హైదరాబాదును ఇంకా వదలలేదు. నగరానికి తాగునీరు తెచ్చే కృష్ణా పథకంలో ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు అంటారు. 4.546తో హెచ్చిస్తే దాదాపు 40.9 కోట్ల లీటర్లు. మీ ఫోను నమ్ముకున్న అమెరికా లెక్కలో 3.785తో హెచ్చించి చూడండి, 6.8 కోట్ల లీటర్లు కాగితం మీదే ఇంకిపోతాయి.

పెక్ అంటే తొమ్మిది లీటర్ల పైచిలుకు. పది లీటర్ల బకెట్టులో అంచుకు కాస్త కిందికి మామిడికాయలు పోసుకోండి. ఒక కాయ అటూ ఇటూ అయినా ఊరగాయ చెడదు; కస్టర్డుకు మాత్రం పాలు కొలిచే పోయండి.