బేస్ గిటార్ కొనబోయే మా అల్లుడికి

మహబూబ్‌నగర్

అల్లుడూ,

చర్చిలో వాయించడానికి కొంటానని నువ్వు పంపిన మూడు బేస్ గిటార్ల ఫొటోలు, వీడియోలు చూశాను. 11 వేల నల్లది, 21 వేల ఎర్ర యమహా, 46 వేల ఐదు తీగలది. "మామా, ఏది కొనమంటవు?" అని అడిగావు. నీ దగ్గర ఉన్నది 30 వేలు. అందులో సగం అక్క చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బులని నాకు తెలుసు. తక్కువ పడితే ఈఎంఐ పెట్టుకుంటానన్నావట. ఫోన్‌లో చెప్తే సగమే వింటావు, అందుకే కూర్చొని రాస్తున్నాను.

ముందు ఆ ఐదు తీగలది పక్కన పెట్టు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ 'ఈ'. అది సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఐదో తీగ 'బీ' అయితే దాదాపు 31 సార్లే. అంత కింది స్వరాన్ని ఫోన్ స్పీకర్ పలకలేదు. అంటే ఫోన్‌లో వీడియోలు చూసి ఇది బాగుంది, అది బాగలేదు అని నువ్వు తేల్చుకున్నదంతా పైపై చప్పుడు విని తేల్చుకున్నదే. కనీసం మంచి హెడ్‌ఫోన్ పెట్టుకొని విను. నువ్వు కొనగలిగిన చిన్న ఆంప్ (గిటార్ చప్పుడు పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) కూడా ఆ 'బీ' తీగను మోయలేదు, గరగరమంటుంది.

చర్చిలో పాటలు సీ, డీ స్కేళ్లలో వస్తాయి, కింది స్వరాలు కావాలి కదా అంటావు. డీ కావాలంటే 'ఈ' తీగను ఒక స్వరం దించుకో. సీ వస్తే పై సీ వాయించు, ఎవరికీ లోటు తెలియదు. అసలు ఇబ్బంది మీ కీబోర్డు తమ్ముడితో ఉంది. అతను ఎడమ చేత్తో అవే కింది స్వరాలు వాయిస్తున్నాడు. నువ్వు బేస్ పట్టుకున్నాక అతను ఆ చెయ్యి తగ్గించాలి. ఈ మాట ముందే మాట్లాడుకో. లేకపోతే లక్ష రూపాయల గిటార్ కొన్నా పాట బురద బురదగానే ఉంటుంది.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో నేనూ మెరుపు చూసి ఒక గిటార్ కొన్నాను. రంగు అద్దంలా ఉంది, నాబ్‌లు బంగారు రంగు. దుకాణంలో అరగంట వాయించాను కానీ దాని మెడ (తీగల కింద ఉండే పొడవాటి కర్ర) వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి ఎండాకాలం దాటేసరికి ఆ మెడ మెలి తిరిగింది. వంగితే సరిచెయ్యొచ్చు, మెలి తిరిగితే మాత్రం సరిచేసేవాళ్లు దొరకడం కష్టం. దుకాణంవాళ్లు పట్టించుకోలేదు. రెండు సీజన్ల సంపాదన పోయింది. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత చెప్తున్నాను.

కాబట్టి గిటార్ చేతికి రాగానే ముందు మెడ చూడు. తీగలు బిగించే కీలుండే హెడ్ వైపు నుంచి ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు బాడీ వైపు చూడు. రెండు అంచులూ ఒకదానికొకటి సమంగా పోవాలి. తర్వాత ఒక తీగను మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గర, మెడ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర, రెండు చోట్లా నొక్కి పట్టు. మధ్యలో ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే బాగున్నట్టే. ఎక్కువున్నా, అసలు లేకపోయినా భయపడకు. మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, తెలిసినవాళ్లు పావు చుట్టు తిప్పితే సర్దుకుంటుంది. అది తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే మాత్రం ఆ గిటార్ వద్దు. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ఇది తప్పకుండా అడుగు.

ఆ తర్వాత ఓపిగ్గా నాలుగు తీగల మీదా ఒక్కో ఫ్రెట్ నొక్కుతూ పైదాకా పో. ఎనభైకి పైగా చోట్లు వస్తాయి, పట్టేది ఐదు నిమిషాలే. ఎక్కడైనా జర్రుమంటే గుర్తు పెట్టుకో. అంచుల వెంబడి అరచెయ్యి జరిపితే ఫ్రెట్ కొసలు గీరుకోకూడదు. బెల్టు వేసుకొని పది నిమిషాలు నిలబడు. చర్చిలో రెండు గంటలు నిలబడేది నువ్వే కదా. చెయ్యి వదిలితే మెడ కిందికి జారిపోయే గిటార్లు ఉన్నాయి, వాటితో ఎడమ భుజం లాగేస్తుంది.

మూడు ధరల గిటార్లను పోల్చడంలో అందరూ మోసపోయే చోటు ఒకటుంది. దుకాణంలో ఖరీదైనదాన్ని పెద్ద ఆంప్‌కు, చౌకదాన్ని మూలనున్న చిన్న ఆంప్‌కు పెట్టి వినిపిస్తారు. నువ్వు మూడింటినీ ఒకే ఆంప్‌కు పెట్టమను. ఆంప్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచు. వాల్యూమ్ సమానంగా సర్దు, ఎందుకంటే గట్టిగా వినిపించేది ఎప్పుడూ మంచిదిలాగే అనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ గిటార్ మామూలుగా గట్టిగానే పలుకుతుంది. ఒకే ముక్కను మూడింటి మీదా వాయించు. తర్వాత నేను వాయిస్తా, నువ్వు అటు తిరిగి నిలబడి విను.

ధర సంగతి. 12 వేల లోపు వచ్చే పేరులేని గిటార్లు వద్దు. కీలు శ్రుతి నిలపవు, నాబ్ తిప్పితే గరగర, ఫ్రెట్లు ఎగుడుదిగుడు. అలాంటి గిటార్‌తో కుస్తీ పడి, నాకే రాదేమో అని మానేసిన పిల్లల్ని చూశాను. 15 నుంచి 25 వేల దాకా ఉన్న యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనేజ్ జీఎస్ఆర్ 200, స్క్వైర్ సోనిక్ లాంటివి నీకు సరిపోతాయి. 30 నుంచి 50 వేలకు పోతే పికప్‌లు (తీగల ఊపును పట్టుకొని ఆంప్‌కు పంపేవి), కీలు మెరుగవుతాయి, ముగింపు పని బాగుంటుంది. తేడా ఉంది, కానీ నీ వేళ్లకు ఆ తేడా తెలియడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. మెక్సికోలో తయారయ్యే ఫెండర్ కంపెనీ గిటార్లు, ఆపైన అమెరికావి ఉద్యోగం వచ్చాక చూద్దువుగాని.

ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు, 1960లో జాజ్ బేస్. ఈరోజుకీ చాలా గిటార్లు ఆ రెండు పద్ధతుల్లోనే ఉన్నాయి. ప్రెసిషన్‌ది గుండ్రని, నిండైన స్వరం. ఢోలక్, ఆక్టోపాడ్ మధ్యలో అది బాగా నిలబడుతుంది. జాజ్‌ది మెడ సన్నం, చిన్న చేతులకు హాయి, స్వరం కొంచెం పదును. ఆ ఎర్ర యమహాలో రెండు రకాల పికప్‌లూ ఉన్నాయి, అందుకే నా మనసు దాని మీద ఉంది. మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చేతిలో ఉన్నది నాలుగు తీగల ప్రెసిషనే అని గుర్తు పెట్టుకో.

21 వేలు గిటార్‌కు పోతే 9 వేలు మిగులుతాయి. దాంట్లో చిన్న బేస్ ఆంప్, లేదా ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్ ఆంప్. చర్చిలో మిక్సర్‌కు డీఐ బాక్స్ (గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపే చిన్న డబ్బా) ద్వారా పెట్టొచ్చు. మామూలు గిటార్ ఆంప్‌లో గట్టిగా వాయించకు, స్పీకర్ చిరిగిపోవచ్చు. మందం స్పాంజి ఉన్న సంచి, వెడల్పు బెల్టు, మంచి వైరు కొనాలి. కొన్నరోజే సెటప్ చేయించు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు దింపితే 21 వేల గిటార్ చేతికి ఎంత తేలికవుతుందో నువ్వే చూస్తావు.

మన పాలమూరు, నల్లగొండ ఎండలు తెలుసుగా. కారులో, రేకుల గదిలో వదలకు. మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మెడ చూసుకో.

శనివారం మిర్యాలగూడ నుంచి పొద్దున్నే బస్సెక్కు. నేను జడ్చర్ల మీదుగా వస్తా, పది గంటలకు హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో కలుద్దాం. ఈఎంఐ కాగితాల మీద సంతకం పెట్టకు. జేబులో ఒక విజిటింగ్ కార్డు పెట్టుకొని రా.

మీ మామ