కట్టెలు కొట్టడం, పేర్చడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పచ్చి కట్టె ఎందుకు పొగ పెడుతుందో రెండు ముక్కల్లో చెప్పాం, దాని మీద మెయిల్స్ వరసపెట్టి వచ్చాయి. చాలావాటిలో అడిగింది ఒకటే కాబట్టి కొన్నిటిని కలిపేసి జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: నా దగ్గర ఉన్నది చెట్లు నరికే మామూలు గొడ్డలి. మొద్దు నడిమధ్యన ఎంత గట్టిగా కొట్టినా దిగి ఇరుక్కుపోతుంది తప్ప చీలదు, దాన్ని ఊడదీయడానికే సగం ఓపిక అయిపోతోంది. ఇంకా బరువైనది కొంటే పని తేలికవుతుందా?

జవాబు: బరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ గొడ్డలిని పక్కనుంచి ఒకసారి చూడండి. చెట్టు నరికే గొడ్డలి మూతి పల్చగా ఉంటుంది, ఎందుకంటే దాని పని పోగుల్ని అడ్డంగా తెగ్గొట్టడం. చీల్చేటప్పుడు మనకి కావాల్సింది తెగడం కాదు, నిలువుగా ఉన్న పోగుల్ని రెండు పక్కలకీ నెట్టడం, అందుకే చీల్చడానికి చేసిన గొడ్డలికి మూతి వెనక బుగ్గలు లావుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో స్ప్లిటింగ్ మాల్ అని దొరికేది ఇదే, తల బరువు 2.5 నుంచి 3.5 కిలోల దాకా ఉంటుంది, పల్చటి గొడ్డలి ఇరుక్కునే చోట ఇది ఆ బుగ్గలతోనే కట్టెని తెరిచేస్తుంది. అలా అని అందరికంటే బరువైనది తెచ్చుకోకండి. దెబ్బలో ఉండే శక్తి బరువు రెట్టింపు చేస్తే రెట్టింపే అవుతుంది, అదే వేగం రెట్టింపు చేస్తే 4 రెట్లు అవుతుంది, కాబట్టి గంట కొట్టిన తర్వాత కూడా మీరు వేగంగా దించగలిగే బరువు ఏదో అదే మీకు సరైన గొడ్డలి.

ఇక అసలు విషయం, మీరు కొట్టే చోటు. నడిమధ్యన కొట్టడం మానేయండి, అక్కడ చుట్టూ ఉన్న కట్టె అంతా కలిసి గొడ్డలిని పట్టేసుకుంటుంది. మొద్దుని రంపంతో కోసిన ముఖం మీద వంగి చూడండి, కొంచెం ఆరిన మొద్దు అయితే మధ్య నుంచి అంచు వైపు సన్నటి పగుళ్ళు కనపడతాయి, వాటిలో బాగా విచ్చుకున్న పగులు ఏదో చూసుకుని మొద్దుని తిప్పి ఆ పగులు మీ వైపు వచ్చేలా పెట్టి, మీకు దగ్గరగా ఉన్న అంచు మీద, గొడ్డలి మూతి ఆ పగులు గీత వెంటే పడేలా కొట్టండి. చేతికి తేడా వెంటనే తెలుస్తుంది. మరీ లావు మొద్దు, అంటే రెండు చేతులతో కౌగిలించుకుంటే గానీ అందనిది అయితే దాన్ని రెండు సగాలు చేయాలన్న పట్టుదల వదిలేసి అంచు నుంచి నాలుగైదు వేళ్ళు లోపలికి, బెరడు వైపు నుంచి పెచ్చులు ఊడదీసినట్టు చుట్టూ తిరుగుతూ కొట్టుకుంటూ పోండి, లోపలి గుండె భాగం మిగిలేసరికి అది మామూలు మొద్దంత అవుతుంది.

నిలబడే తీరు కూడా చెప్పాలి, ఇది కాళ్ళకి సంబంధించింది. మొద్దుని నేల మీద కాకుండా ఒక గట్టి దిమ్మ మీద పెట్టండి, దిమ్మ మోకాలి కంటే కిందే ఉండాలి, మొద్దుని దిమ్మ మీద మీకు అవతలి అంచు వైపు జరపండి, అప్పుడు గురి తప్పినా మీ వైపున్న దిమ్మలోనే గొడ్డలి దిగుతుంది. గొడ్డలి దిగేటప్పుడు మోకాళ్ళు వంచి ఒళ్ళు కూడా కిందికి దించితే గొడ్డలి నిలువుగా కిందికి వస్తుంది, కాళ్ళు బిర్రుగా పెట్టి కొడితే అది గుండ్రంగా తిరిగి మీ కాలి వైపే వస్తుంది, ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఇలాగే. కళ్ళకి అద్దాలు, కాళ్ళకి మూసి ఉండే బూట్లు లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంకోటి, ఇరుక్కున్న గొడ్డలి వెనక ఇంకో గొడ్డలితో కొట్టడం చాలామంది చేస్తారు, దయచేసి చేయకండి, గట్టి ఉక్కుని గట్టి ఉక్కుతో కొడితే రవ్వ లేచి కంట్లో పడొచ్చు.

నడుం నొప్పి అని రాసిన పాఠకులకి కూడా ఇక్కడే చెప్తున్నా, దిమ్మ మీద ఒక పాత టైరు బిగించి మొద్దుని అందులో నిలబెట్టి కొట్టండి. చీలిన ముక్కలు చెల్లాచెదురుగా పడకుండా టైరులోనే నిలబడి ఉంటాయి, ప్రతి దెబ్బకీ వంగి ఏరి మళ్ళీ నిలబెట్టే పని ఉండదు. కొట్టడం కంటే ఆ వంగి లేవడమే మనిషిని ఎక్కువ అలసగొడుతుంది.

ప్రశ్న: పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలా, ఎండాక చీల్చాలా? ఇంట్లో ఇద్దరం రెండు రకాలుగా వాదించుకుంటున్నాం.

జవాబు: పచ్చిగానే చీల్చండి, చెట్టు కొట్టిన కొద్ది రోజుల్లోనే అయితే ఇంకా మంచిది. చాలా రకాల కట్టె పచ్చి మీద మెత్తగా ఉండి తేలిగ్గా చీలుతుంది, ఎండేకొద్దీ బిగుసుకుంటుంది, నీలగిరి మొద్దుని ఎండనిచ్చి కొట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. సరుగుడు లాంటి తిన్నటి పోగు ఉన్న కట్టె ఎప్పుడు కొట్టినా పెద్దగా ఇబ్బంది పెట్టదు. వేప, చింత లాంటివాటిలో పోగులు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి, వాటితో ఎప్పుడైనా కష్టమే. బాగా చలి ఉండే దేశాల్లో మొద్దులు గడ్డకట్టాక కొడతారు, అప్పుడు పెళుసుగా చీలుతుంది.

కానీ పచ్చిగా చీల్చమనడానికి అంతకంటే పెద్ద కారణం ఎండడం. చెట్టులో నీళ్ళు పైకి వెళ్ళే సన్నటి గొట్టాలు ఉంటాయి కదా, కట్టె ఆరేటప్పుడు కూడా నీళ్ళు ఆ గొట్టాల వెంటే, అంటే కోసిన రెండు చివరల నుంచే ఎక్కువ పోతాయి, అడ్డంగా పోయే వేగం కంటే ఇది 10 నుంచి 15 రెట్లు ఎక్కువ. బెరడు నుంచి అయితే దాదాపు ఏమీ పోదు. కాబట్టి పొడుగు దుంగని అలాగే ఏడాది ఉంచినా లోపల పచ్చిగానే ఉంటుంది, దాన్నే 30 నుంచి 40 సెంటీమీటర్ల ముక్కలు కోసి చీల్చి పెడితే చివరలు పెరుగుతాయి, బెరడు లేని ముఖాలు పెరుగుతాయి, నీళ్ళకి దారి దగ్గరవుతుంది. అడ్డం కొలత 15 సెంటీమీటర్లు దాటకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: కొమ్మలు మొలిచిన చోట బుడిపెలు ఉన్న మొద్దు ఒకటి ఎన్ని దెబ్బలు వేసినా కదలట్లేదు.

జవాబు: బుడిపె ఉన్న వైపుని కిందికి పెట్టి, బుడిపె లేని తిన్నటి చివర నుంచి కొట్టి చూడండి, బుడిపెకి పక్కనుంచి చీలేలా, దాన్ని రెండుగా చేసేలా కాదు. అప్పటికీ లొంగకపోతే ఇనప చీలలు వాడండి, వెడ్జ్ అని అడిగితే ఇస్తారు. ఒకటి పగులులో పెట్టి సమ్మెటతో దించి, పగులు సాగిన చోట రెండోది పెడితే మొదటిది దానంతటదే వదులవుతుంది. చీల తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచుల్ని గ్రైండర్‌తో తీసేయాలి, లేకపోతే దెబ్బకి ఆ ముక్కలే ఎగురుతాయి. కొమ్మ రెండుగా చీలే పంగ దగ్గరి మొద్దులకి మాత్రం గొడ్డలితో కుస్తీ వద్దు, రంపంతో కోసేయడమే తెలివైన పని.

ప్రశ్న: చీల్చిన కట్టెలన్నీ గోడకి ఆనించి రెండు మూడు వరసలు దగ్గర దగ్గరగా పేర్చి తడవకుండా కింది దాకా టార్పాలిన్ కప్పాను. 6 నెలలైంది, తీసి చూస్తే బూజు, వాసన, కింది వరసకి చెదలు కూడా. ఎక్కడ తేడా వచ్చింది?

జవాబు: మీరు వాన గురించి చాలా జాగ్రత్త తీసుకున్నారు, గాలి గురించి ఆలోచించలేదు, ఈ ఒక్క తేడాయే అండి. పచ్చి కట్టె పైన పడే వాన కంటే కట్టె లోపల ఉన్న నీళ్ళు చాలా ఎక్కువ, కొన్ని రకాల్లో మొత్తం బరువులో సగం దాకా నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరై బయటికి రావాలి, వచ్చిన ఆవిరిని గాలి ఎత్తుకుపోవాలి. మీరు కింది దాకా కప్పేసరికి ఆవిరి టార్పాలిన్‌కి లోపలివైపు పట్టుకుని చుక్కలై మళ్ళీ కట్టె మీదే పడింది, బూజుకి అంతకంటే ఏం కావాలి. ఎండ మంచిదే కానీ నీడలో గాలి బాగా ఆడే చోటు, ఎండ ఉండి గాలి ఆడని మూల, ఈ రెండిట్లో నన్ను ఎంచుకోమంటే గాలి ఉన్న చోటే ఎంచుకుంటా.

ఇప్పుడు విప్పి మళ్ళీ పేర్చండి, నష్టం పెద్దగా ఏం లేదు, పైపైన బూజు పట్టిన కట్టె ఎండితే మండుతుంది, పుచ్చి మెత్తబడినవి మాత్రం ఏరేయండి. ముందు నేల మీద ఇటుకలో, పాత చెక్క ప్యాలెట్లో వేసి జానెడు కాకపోయినా కనీసం 10 సెంటీమీటర్లు ఎత్తు లేపండి, నేల చెమ్మ అక్కడే ఆగుతుంది, చెదలు ఎక్కడం కష్టమవుతుంది, కింద ఖాళీగా ఉంటే చెదల మట్టి గీతలు కనపడి ముందే తెలుస్తుంది కూడా. ఇంటి గోడకి ఆనించొద్దు, చెయ్యి దూరేంత సందైనా వదలండి, ఇంకా దూరంగా పెట్టగలిగితే మరీ మంచిది. వరస ఒకటే వేయండి, చోటు లేక రెండు వేయాల్సి వస్తే మధ్యలో గాలి పోయే దారి వదలండి. కోసిన చివరలు గాలి వచ్చే దిక్కుకి ఉండాలి, ఇందాక చెప్పిన గొట్టాలు గుర్తుంది కదా, గాలి తగలాల్సింది వాటి నోళ్ళకి.

పేర్చేటప్పుడు ఒక్కో చీలికా పెట్టి చేత్తో కదిపి చూడండి, ఊగితే తిప్పి వేరే ముఖం మీద కూర్చోబెట్టండి, సందుల్లో చిన్నవి కుక్కి నింపేయకండి, ఆ సందుల్లోంచే గాలి పోవాలి. వరస రెండు చివర్లా కట్టెలు జారకుండా ఒక పొర నిలువుగా, దాని మీద పొర అడ్డంగా, అలా మార్చి మార్చి వేస్తూ స్తంభంలా కట్టండి, దీనికి మాత్రం తిన్నగా, ఒకే లావున్న చీలికలు ఏరి పక్కన పెట్టుకోవాలి. ఎత్తు 1.2 మీటర్లు దాటనివ్వద్దు, కట్టె ఎండేకొద్దీ కుంచించుకుపోయి పేర్పు ఒక పక్కకి ఒరుగుతుంది, పిల్లలు తిరిగే చోట అది చాలా ప్రమాదం. టార్పాలినో రేకో పైన మాత్రమే, కొంచెం చూరులా బయటికి వచ్చేలా వేసి పక్కలన్నీ వదిలేయండి. వాన జల్లు పక్కల తగిలినా పైపైనే తడిసి గాలికి ఆరిపోతుంది. తీసుకునేటప్పుడు పై నుంచే తీయండి, చీకట్లో చేతులు పెట్టొద్దు, తేళ్ళూ పాములూ ఇలాంటి సందుల్నే వెతుక్కుంటాయి.

ప్రశ్న: బెరడు పైకి ఉండాలా, కిందికి ఉండాలా?

జవాబు: పైన కప్పు లేకపోతే పై వరసకి బెరడు పైకి, నీళ్ళు జారిపోతాయి. కప్పు ఉంటే ఎలా ఉన్నా పెద్ద తేడా లేదు, కట్టె ఎలా నిలకడగా కూర్చుంటే అలా. 2013 ఫిబ్రవరిలో నార్వే ప్రభుత్వ టీవీ ఒక రాత్రంతా, 12 గంటలు, కట్టెలు కొట్టడం పేర్చడం మండించడం చూపించింది, అప్పుడు చూసేవాళ్ళ నుంచి వచ్చిన ఫిర్యాదుల్లో సగం బెరడు పైకి పెట్టారని, మిగతా సగం కిందికి పెట్టారని. తరతరాలుగా కట్టెలు పేర్చేవాళ్ళకే తేలని విషయం అది, దీని మీద టైమ్ పెట్టకండి.

ప్రశ్న: కట్టె ఎండిందని ఎలా తెలుసుకోవాలి? రెండిటిని కొట్టి శబ్దం వినమంటారు, నాకు తేడా తెలియట్లేదు.

జవాబు: శబ్దం మంచి గుర్తే, ఎండినవి ఖణేల్‌మంటాయి, పచ్చివి దబ్‌మంటాయి, కానీ మధ్యలో ఉన్నవాటికి చెవిని నమ్మలేం. నేను చెప్పేది తూకం. పేర్చేటప్పుడే మూడు నాలుగు చీలికల్ని తూచి, బరువు, తేదీ వాటి చివర మార్కర్‌తో రాసి, పేర్పు మధ్యలో చెయ్యి పెట్టి లాగగలిగే చోట ఉంచండి. రెండు వారాలకోసారి తీసి తూచి కింద రాస్తూ ఉండండి. మొదట్లో గబగబా తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, వానలు లేని రోజుల్లో కూడా వరసగా రెండు మూడుసార్లు బరువు మారకపోతే ఇక అది ఆ గాలికి ఎండగలిగినంత ఎండినట్టే. తేమ మీటర్ ఉంటే కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మధ్యలో సూదులు గుచ్చి చూడండి, పైన గుచ్చితే మామూలుగా తక్కువే చూపిస్తుంది. 20 శాతం లోపు వస్తే వాడుకోవచ్చు. మెత్తటి కట్టెకి 6 నెలల నుంచి ఏడాది, గట్టి కట్టెకి ఏడాది రెండేళ్ళు పట్టొచ్చు, వేడిగా పొడిగా గాలి ఉండే చోట అంతకంటే చాలా తొందరగా అవుతుంది.

ఎండే దాకా ఆగమనడం ఎందుకంటే, ఒక్క కిలో నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2.26 మెగాజౌల్స్ వేడి పోతుంది, అది ఒక నష్టం. దానికంటే పెద్దది మంట చల్లబడిపోవడం, కట్టెలోంచి వచ్చే వాయువులు పూర్తిగా మండకుండా పొగగా పోయి, పొగగొట్టంలో నల్లటి జిగటలా పేరుకుంటాయి, ఒక్కోసారి అదే అంటుకుంటుంది కూడా.

ప్రశ్న: కట్టెలు తూకం లెక్కన కొనాలా, కొలత లెక్కన కొనాలా?

జవాబు: పచ్చివైతే కొలతకే కొనండి, తూకానికి కొంటే నీళ్ళకి డబ్బులిచ్చినట్టే. బాగా ఎండినవైతే తూకమే న్యాయం, ఎందుకంటే ఎండిన కట్టె ఏ చెట్టుదైనా కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే. కొలతకి కొన్నప్పుడు పేర్చి కొలవమనండి, కుప్ప పోస్తే సందులు ఎక్కువ. అమెరికాలో కార్డ్ అనే కొలత 128 ఘనపుటడుగులు, చక్కగా పేర్చినా అందులో నిజంగా కట్టె ఉండేది 85 ఘనపుటడుగుల చుట్టుపక్కలే.

ప్రశ్న: నా వయసు 68, మణికట్టు నొప్పి. నాకు కావాల్సింది పొయ్యి రాజేయడానికి సన్న పుల్లలే. వేళ్ళు తెగకుండా ఎలా చీల్చుకోవాలమ్మా?

జవాబు: అమ్మా, మీరు గొడ్డలి ఎత్తి కొట్టాల్సిన పనే లేదు. చిన్న చేతి గొడ్డలి తీసుకోండి, దాని మూతిని కట్టె పై చివర మీద ఆనించండి, ఒక చేత్తో కట్టెని బాగా కిందుగా, ఇంకో చేత్తో గొడ్డలి కామని పట్టుకుని, రెండిటినీ కలిపే జానెడు ఎత్తు లేపి దిమ్మ మీద మెల్లగా దించండి. మూతి కొంచెం దిగి కరుచుకుంటుంది. ఇప్పుడు కట్టెని వదిలేయండి, గొడ్డలికే అతుక్కుని ఉంటుంది, ఇంకో రెండుసార్లు దిమ్మ మీద తట్టండి, చీలిపోతుంది. వేళ్ళు గొడ్డలి దారిలోకి వచ్చేదే లేదు. బుడిపెలు లేని, తిన్నటి, ఎండిన కట్టే దీనికి ఎంచుకోండి.

ప్రశ్న: హైడ్రాలిక్ మెషిన్ తీసుకుందామని ఉంది, ఇద్దరం కలిసి చేస్తే పని తొందరగా అవుతుందా?

జవాబు: ఏడాదికి సరిపడా కట్టె ఒకేసారి కొట్టేవాళ్ళకి, అల్లుకున్న పోగు కట్టె ఎక్కువున్నవాళ్ళకి తీసుకోవడం మంచిదే. కానీ మెషిన్ దగ్గర ఒకరు మొద్దు పెట్టడం, ఇంకొకరు లివర్ నొక్కడం వద్దే వద్దు, చేతులు నలిగేది సరిగ్గా అప్పుడే, ఒకరు ఇంకా చెయ్యి తీయకముందే రెండోవాళ్ళు నొక్కేస్తారు. మొద్దు పెట్టేదీ లివర్ నొక్కేదీ ఒక్క మనిషే, రెండో మనిషి దూరం నుంచి మొద్దులు అందించి, చీలినవి నేరుగా తీసుకెళ్ళి పేర్చేయాలి. మెషిన్‌ని పేర్పు వేసే చోటికే తెచ్చుకోండి, కట్టెని కింద పడేసి మళ్ళీ ఎత్తే పని తప్పుతుంది.